గంట ఇరవై అయిదు నిమిషాల దూరం

ఆ రోజుల్లో నేను ప్రపంచంలో ఏ ఊరి నుంచి ఏ ఊరికైనా విమానంలో ఎంతసేపు పడుతుందో నిమిషాలతో సహా చెప్పగలిగేదాన్ని. విమానం మాత్రం ఎక్కలేదు. ఎక్కడం దాకా ఎందుకు, నేల మీద ఆగి ఉన్న విమానాన్ని దగ్గరి నుంచి చూసింది కూడా లేదు. వరంగల్‌లో పుట్టి పెరిగిన మాకు విమానం అంటే మేడ మీద బట్టలు ఆరేస్తూ తల ఎత్తితే కనిపించే తెల్లటి గీత, అంతే. మామునూరులో విమానాశ్రయం ఉందని పెద్దవాళ్ళు చెప్పుకునేవాళ్ళు కానీ, నేను పుట్టకముందే అక్కడ రాకపోకలు ఆగిపోయాయి. ఇప్పుడు ఉద్యోగం పేరుతో నెలకు రెండుసార్లు విమానం ఎక్కి దిగుతున్నాను. దిగిన ప్రతిసారీ నడుం పట్టుకుని, బెల్టు దగ్గర పెట్టె కోసం నిలబడి, అప్పటి ఆ పిల్లను తలుచుకుంటాను. ఎంత ధైర్యంగా మాట్లాడేదో! తలుచుకుంటే నవ్వు వస్తుంది, నవ్వడానికి ఓపిక మాత్రం ఉండదు.

డిగ్రీ అయిపోయాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం సుబేదారిలో, ఒక జిరాక్స్ షాపు మీద రెండు గదుల ఆఫీసులో. ఆరు కంప్యూటర్లు, ఒక ఇన్వర్టర్, ఎప్పుడూ వేడిగా ఉండే ఒక ఫ్యాను. (ఫ్యాను వేడిగా ఎందుకు ఉంటుందని అడగకండి, ఎండాకాలంలో హనుమకొండ చూసినవాళ్ళు అడగరు.) మా పని ఒక వెబ్‌సైటుకు పేజీలు రాయడం. ఫలానా ఊరి విమానాశ్రయం నుంచి ఫలానా ఊరి విమానాశ్రయానికి దూరం ఎంత, ప్రయాణం ఎంతసేపు: ఇదే విషయం, ఊళ్ళే వేరు. రోజుకు నలభై పేజీలు. ప్రతి పేజీలో దూరాన్ని కిలోమీటర్లలో, మైళ్ళలో, నాటికల్ మైళ్ళలో రాయాలి. మూడోది ఎవరికి కావాలో మాకెవరికీ తెలియదు కానీ, అది లేకపోతే మా సారు పేజీ వెనక్కి పంపేవారు. అందుకే ఆయనకు మేము చాటుగా నాటికల్ సారు అని పేరు పెట్టుకున్నాం. ఆయనా విమానం ఎక్కలేదని తర్వాత తెలిసింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటేనే ఆయనకు కడుపులో తిప్పుతుందట.

ప్రయాణ సమయం లెక్కగట్టడానికి సారు ఒక సూత్రం ఇచ్చారు. రెండు ఊళ్ళ మధ్య తిన్నగా గీత గీయి, ఆ దూరాన్ని ఎనిమిది వందలతో భాగించు, విమానం లేవడానికీ దిగడానికీ ఒక అరగంట కలుపు. అయిపోయింది. ఆ రెండు ఊళ్ళ మధ్య అసలు విమానం నడుస్తుందా లేదా అన్నది మా సూత్రంలో లేదు. నేను ఒకసారి మామునూరు నుంచి పారిస్‌కు కూడా రాశాను. "సార్, మామునూరుల విమానం లేదు గద సార్" అంటే, ఆయన కళ్ళజోడు మీదుగా చూసి, "లేకపోతే ఏందమ్మా, దూరమైతే ఉంటది గద?" అన్నారు. ఆ పేజీలో నాటికల్ మైళ్ళు కూడా వేసి పంపాను. 

ఇలా ఒక ఆర్నెల్లు రాసేసరికి మా ఇంట్లో, చుట్టుపక్కల నాలుగిళ్ళలో నా పేరు విమానాల పిల్ల అయింది. టీవీలో ఏ ఊరి పేరు వినిపించినా అమ్మ నా వైపు చూసేది. నేను అడగకుండానే "రెండు గంటల పది నిమిషాలు" అనేదాన్ని. అమ్మ ఆ సంఖ్యను పక్కింటామెకు చెప్పేది. నాకు లోపల ఎంత గర్వంగా ఉండేదంటే, ఆటోలో పోతూ కూడా డ్రైవరుకు నేనెవరో తెలిస్తే బాగుండు అనిపించేది. (ఆయనకు తెలిసిందల్లా సుబేదారి చౌరస్తాలో దిగుతానని మాత్రమే.)

సరిగ్గా అప్పుడే అక్క పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు వాళ్ళది మా వరంగలే కానీ, తాతల కాలంలోనే నేతపని మీద సూరత్ వెళ్ళి, అక్కడే సాంచాలు, అంటే మరమగ్గాలు, పెట్టుకుని స్థిరపడ్డారు. పెళ్ళి వాళ్ళింటి దగ్గరే. ముహూర్తం బుధవారం సాయంత్రం ఏడు గంటల అయిదు నిమిషాలకు. మాకు నాయిన లేడు. నాకు అయిదేళ్ళు, అక్కకు తొమ్మిదేళ్ళు ఉన్నప్పుడు పోయాడు. అప్పటి నుంచి మమ్మల్ని చూసుకున్నది మా అమ్మకు అన్న, మా మేనమామ. ధాన్యం మార్కెట్‌లో దడువాయి ఆయన, అంటే రైతులు తెచ్చిన సరుకును కాంటా మీద తూచే మనిషి. మా చదువులు, మా జ్వరాలు, మా దవాఖానాలు అన్నీ ఆయన భుజాల మీదే నడిచాయి. మా వైపు పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామ మోసుకొచ్చి పీటల మీద దించుతాడు. అక్కకు ఈ సంగతి తప్ప పెళ్ళిలో మరే సంగతీ పట్టలేదు.

అందరికీ ఆదివారం రైలుకు టికెట్లు తీశారు. సికింద్రాబాద్ పోయి అక్కడ రైలు ఎక్కితే ఒక పొద్దు, ఒక రాత్రి. మామకు కూడా టికెట్ ఉంది. కానీ అది మిర్చి సీజను, సోమవారం మార్కెట్‌కు బస్తాలు వరదలా వస్తాయి, ఆ రోజు కాంటా వదిలిపెట్టి పోవడం మామకు మనసొప్పడం లేదు. పైగా గంప అల్లే మేదరాయన సోమవారం రాత్రి గానీ ఇవ్వనన్నాడు. మంగళవారం మామ గడప దాటి ప్రయాణం కట్టడు, అది ఆయన పట్టింపు. ఏం చేయాలో తోచక మామ మా ఇంట్లో అరుగు మీద కూర్చుని తల గోక్కుంటుంటే, నేను చాయ్ గ్లాసు అందిస్తూ ఆ మాట అన్నాను. ఎవరూ అడగలేదు. నా నోరే ఊరుకోలేదు.

"ఎందుకు మామా పరేషాన్ అయితవ్? బుధవారం పొద్దుగాల నాతోని విమానంల రా. హైదరాబాద్ నుంచి సూరత్‌కు గంట ఇరవై అయిదు నిమిషాలే."

మామ గ్లాసు కింద పెట్టాడు. "పక్కానా బిడ్డా?"

"పక్కా మామా. నేనే రాసిన."

నేనే రాశానన్నది రుజువు కింద చెల్లిపోయిన కాలం అది. మామ రైలు టికెట్ రద్దు చేయించాడు. అందరూ ఆదివారం బయలుదేరుతుంటే, కాజీపేట స్టేషన్‌లో అక్క నన్ను పక్కకు లాగి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మామ రాకపోతే గంపల కాదు, నేను పీటల మీద గూడ కూసోను. నాయిన లేడు, మామనే తేవాలె నన్ను. నీదే జిమ్మ చెల్లె." నేను "నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాను. ఫికర్ చేయాల్సింది నేనేనని ఆ రాత్రి టికెట్లు కొనబోయేదాకా నాకు తెలియదు.

ఆ బుధవారం హైదరాబాద్ నుంచి సూరత్‌కు మాకు కుదిరే విమానం తిన్నగా పోయేది ఒక్కటీ లేదు. ఉన్నదల్లా ఢిల్లీ మీదుగా. ముందు ఉత్తరానికి ఢిల్లీ దాకా పోయి, అక్కడ గంటన్నర కూర్చుని, ఇంకో విమానం ఎక్కి మళ్ళీ దక్షిణానికి రావాలి. ద్రావిడ ప్రాణాయామం అంటారే, దాన్ని ఆకాశంలో చేయడం అన్నమాట. పదకొండు గంటలకు లేచి నాలుగూ నలభైకి దిగడం. తెర వైపు చాలాసేపు చూశాను. మా సూత్రంలో ఢిల్లీ ఎక్కడా లేదు. టికెట్లు తీశాను గానీ, మామకు ఢిల్లీ సంగతి చెప్పలేదు. రేపు చెబుదామనుకున్నాను, తర్వాత ఎల్లుండి చెబుదామనుకున్నాను. విమానాల పిల్లగా నాకున్న పరువంతా ఆ గంట ఇరవై అయిదు నిమిషాల మీదే నిలబడి ఉంది మరి.

బుధవారం పొద్దున అయిదింటికి హనుమకొండ బస్టాండు. మామ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, భుజాన కండువా, నెత్తిన గంప. మామూలు గంప కాదది, ఇరవై ఆరేళ్ళ మా అక్క కూర్చోవడానికి అల్లించినది. పాత చీరతో చుట్టి, తాడుతో కట్టి ఉంది. బస్సులో దానికి సీటు దొరకలేదు కనుక అది మా ఒళ్ళో కూర్చుంది. ఉప్పల్ దాకా మూడు గంటలు గంపకు ఇటు నేను, అటు మామ, మధ్యలో ఒకరి ముఖం ఒకరికి కనపడదు. అక్కడి నుంచి శంషాబాద్‌కు ఇంకో బస్సు, ఇంకో గంటన్నర. అప్పటికే నా కాళ్ళు తిమ్మిరెక్కాయి. మామ వాచీ చూసుకుని, "సూరత్ కంటె మనకు శంషాబాదే దూరమున్నట్టున్నదే" అన్నాడు. నేను నవ్వాను. మనస్ఫూర్తిగా నవ్వలేదు.

విమానాశ్రయంలో కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయి తెలుగు పిల్లే. గంపను చూసి, "ఇదేంటి సార్?" అంది.

"గంప."

"లోపల ఏముంది?"

"ఇప్పుడైతే ఏం లేదు బిడ్డా. సాయంత్రం పెండ్లిపిల్ల ఉంటది."

ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. వివరాలన్నీ చెప్పాక ఆమె నవ్వి, గంపను తూకం మీద పెట్టమంది. మామ పెట్టకముందే "మూడు కిలోల నాలుగొందలు" అన్నాడు. పెడితే సరిగ్గా మూడు కిలోల నాలుగు వందలు. మామ ముఖం వెలిగింది. "కాంటా మంచిగున్నది" అని ఆ అమ్మాయికి మెచ్చుకోలుగా చెప్పాడు. ఆ రోజంతటిలో మామ సంతోషంగా ఉన్న క్షణం అదొక్కటే అనుకుంటాను. తర్వాత గంపను పెద్ద సామాన్ల వైపు తీసుకుపోతుంటే, బిడ్డను బడిలో దించినట్టు అది కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడ్డాడు.

విమానం లేస్తుంటే మామ ముందు సీటు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. చక్రాలు నేలను వదిలాయని తెలియగానే కళ్ళు తెరిచి వాచీలో టైము చూసుకున్నాడు. తూకం మనిషి కదా, లెక్క మొదలుపెట్టే చోటు ఆయనకు తెలుసు.  కిటికీలోంచి మబ్బులు చూడాలని ఏళ్ళ తరబడి కన్న కల నాది, ఒక్క మబ్బు కూడా చూడలేదు. మామ చేతి వాచీయే చూస్తూ కూర్చున్నాను. గంట గడిచింది. గంటా పది గడిచింది. గంట ఇరవై అయిదు నిమిషాలు కాగానే, మామ చొక్కా పైగుండీ పెట్టుకుని, కండువా సర్దుకుని, కాళ్ళు చెప్పుల్లో దూర్చి, "టైమయింది బిడ్డా. లెవ్" అన్నాడు.

"ఇంకొంచెం ఉన్నది మామా."

"ఎంత?"

"ఒక... నలభై, నలభై అయిదు నిమిషాలు."

మామ వెనక్కి వాలాడు. గుండీ మాత్రం తీయలేదు. కాసేపటికి మైకులో ఢిల్లీ వాతావరణం గురించి చెప్పడం మొదలుపెట్టారు. మార్కెట్‌లో మార్వాడీ సేట్లతో ముప్ఫై ఏళ్ళు మాట్లాడిన మామకు హిందీ నాకంటే బాగా వచ్చు. నా వైపు నెమ్మదిగా తిరిగాడు.

"గామె ఢిల్లీ అన్నది."

"అవు మామా."

"మనం పోయేది సూరత్ గద?"

"అవు మామా. సూరత్‌కు... ఢిల్లీ మీదికెల్లి పోవాలె."

 మామ కోపం లేకుండా, నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు. "కాజీపేటకెల్లి జనగామ పోవాలంటె ఉల్టా బల్లార్ష మీదికెల్లి పోతమా బిడ్డా?"

ఇక దాచడానికి ఏమీ మిగలలేదు. ఢిల్లీలో దిగి, ఇంకో విమానం కోసం ఇనుప కుర్చీల్లో కూర్చున్నాక అంతా చెప్పేశాను. గీత గీయడం, ఎనిమిది వందలతో భాగించడం, అరగంట కలపడం, మామునూరు నుంచి పారిస్. మామ శ్రద్ధగా విన్నాడు. అంతా విని, "మరి తరుగు?" అన్నాడు. మార్కెట్‌లో బస్తా తూచాక తేమకింత, దుమ్ముకింత, తాలుకింత అని కొంత తీసేస్తారు, అదీ తరుగు. "బస్సుకింత, లైన్ల నిలబడ్డదానికింత, కూసున్నదానికింత. తరుగు చూపెట్టని తూకం ఏం తూకం బిడ్డా? రైతు వచ్చి గల్ల పట్టుకోడా?" అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది. తిట్టి ఉంటే రాకపోయేదేమో.

అప్పుడే తెర మీద మా విమానం గంటా పావు ఆలస్యం అని పడింది. ఎందుకో చెప్పలేదు. నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను: ఆరింటికి దిగుతాం, గంప రావాలి, మంటపం విమానాశ్రయానికి ఊరు ఆ చివర. ఏడూ అయిదుకు అందుతామో లేదో మా సూత్రం చెప్పదు. మామ చెప్పులు విప్పి కూర్చున్నాడు, పాదాలు వాచి ఉన్నాయి. నేను పోయి నీళ్ళు తెచ్చేసరికి నా ఫోను మోగుతోంది. అక్క. ఎత్తడానికి చెయ్యి రాలేదు. మామ తీసుకున్నాడు.

"ఆఁ బిడ్డా. వస్తన్నం. దగ్గర్లనే ఉన్నం. నువ్వు తయారు గా."

(ఢిల్లీ నుంచి సూరత్‌కు తొమ్మిది వందల ముప్ఫై చిల్లర కిలోమీటర్లు. ఆ పేజీ కూడా నేనే రాశాను.)

ఆ విమానం ఎక్కిన తర్వాతి మూడు గంటలు నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తున్నాయి. రెండో విమానంలో మామ వాచీ చూడలేదు, నిద్రపోయాడు, తల నా భుజం మీద వాలింది. నేను కదలకుండా కూర్చున్నాను. సూరత్‌లో బెల్టు మీద అందరి పెట్టెలూ వచ్చాయి, గంప రాలేదు. ఇరవై నిమిషాలు నిలబడ్డాం. గంప లేకుండా పోదామని నేను అన్నాను. "గంప లేకుంటే నేనెందుకే?" అన్నాడు మామ. చివరికి ఒక మనిషి దాన్ని చేతుల్లో పట్టుకుని ఇంకో తలుపులోంచి వచ్చాడు. కారు పైన గంపను కట్టి, ఆ ట్రాఫిక్‌లో పడి, మంటపం ముందు దిగేసరికి ఆరూ యాభై ఎనిమిది.

గేటు దగ్గరే అమ్మ. ఆమె వెనక పెళ్ళికొడుకు తరఫు వాళ్ళు, మా వాళ్ళు, అందరి కళ్ళూ మా మీదే. లోపల అక్క గదిలోంచి బయటికి రానని కూర్చుందని, పంతులు రెండుసార్లు కబురు పెట్టాడని తర్వాత తెలిసింది. అమ్మ నన్ను చూసి అంతమందిలో గొంతు పెంచింది. "ఏందే ఇది? గంటన్నరల వస్తరంటివి! పొద్దటిసంది మా పానాలు పోతున్నయి. ఏం చెప్పినవే నువ్వు మామకు?"

  గంపను నెత్తి మీంచి దించుతున్న మామ అమ్మ వైపు చూడకుండానే అన్నాడు. "దాన్ని ఏమనకు. పిల్ల చెప్పినంతసేపే పట్టింది. నేనే పొద్దుగాల లేవలే. ఆలిశం నాది."

తెల్లవారుజామున మూడింటికి లేచి చొక్కా ఇస్త్రీ చేసుకున్న మనిషి ఆయన. అంతకు ముందుగానీ ఆ తర్వాతగానీ మామ అబద్ధం ఆడటం నేను వినలేదు. అమ్మ ఆయన్ను నాలుగు మాటలంది, ఆయన పడ్డాడు. ముఖం కూడా కడుక్కోకుండా లోపలికి పోయి గంప దించి, "రా బిడ్డా" అన్నాడు. అక్క ఏడుస్తూనే వచ్చి కూర్చుంది. పెళ్ళికొడుకు తరఫు ఇద్దరు ఒక పక్క పట్టుకున్నారు, మామ ఒక్కడే ఇంకో పక్క. లేపేటప్పుడు ఆయన మోకాళ్ళు వణకడం నాకు కనిపించింది. గంప మాత్రం ఒక్క వైపుకు కూడా ఒరగలేదు. ఏడూ అయిదుకు అక్క పీటల మీద ఉంది. నేను ఒక స్తంభం పక్కన నిలబడి, పెళ్ళివాళ్ళందరూ సంతోషంతో ఏడుస్తున్నానని అనుకునేలా ఏడ్చాను.

తిరుగు ప్రయాణం అందరితో కలిసి రైల్లోనే. ఆఫీసుకు పోగానే నాటికల్ సారు ఆశగా, "ఎట్లుంటదమ్మా విమానం?" అని అడిగారు. కూర్చోవాల్సి ఉంటుందని చెప్పాను. హైదరాబాద్, సూరత్ పేజీలో ఇంటి నుంచి ఎంతసేపు పడుతుందో ఒక్క ముక్క రాస్తానని అడిగితే, "ఎవరి ఇంటి నుంచమ్మా? ఒక్కొక్కరి ఇల్లు ఒక్కొక్క కాడ ఉంటది గద" అన్నారు. అదీ నిజమే. ఇంకో ఏడాది అక్కడే పనిచేశాను, రోజుకు నలభై చొప్పున. ఇంట్లో ఎవరైనా ఏ ఊరైనా అడిగితే మాత్రం తెలియదనేదాన్ని.

మామ ఇప్పుడు మార్కెట్‌కు పోవడం లేదు. మోకాళ్ళు సహకరించడం లేదు. కానీ ఎక్కడికి పోవాలన్నా, వేములవాడకు బస్సులో పోవాలన్నా సరే, ముందు నాకు ఫోను చేస్తాడు. "ఎంతసేపు పడుతది బిడ్డా?" నేను చూసి చెబుతాను. "సరే" అని పెట్టేస్తాడు. ఇన్నేళ్ళుగా ఇదే వరస. నా మీద ఇంకా నమ్మకం ఉందే అని లోలోపల మురిసిపోయేదాన్ని. మొన్న అత్త మాటల్లో నోరు జారింది. నేను మూడు గంటలని చెబితే, మామ ఆరు గంటల ముందే బట్టలు వేసుకుని, సంచీ పట్టుకుని, గడప పక్కన కుర్చీలో కూర్చుంటాడట. నమ్మనప్పుడు మరి దాన్ని అడుగుడెందుకు అని అత్త అంటే, "అడగకపోతే పిల్ల చిన్నబోతది" అన్నాడట.

పిల్ల అనిపించుకునే వయసు దాటి నాకు చాలా ఏళ్ళయింది. నిన్న సాయంత్రం ఏదో ఊరి నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా మంచం మీద వాలిపోయాక మామ ఫోను వచ్చింది. పాలకుర్తి గుడికి పోతాడట, ఎంతసేపు పడుతుందని. తెలియదు మామా అనబోయి ఆగాను. లేచి కూర్చుని, చాలా జాగ్రత్తగా చూసి, నిమిషాలతో సహా చెప్పాను.